కొడవలి మొన

కూర్మమ్మ మనవరాలి మొహం చూడడం మానేసింది. గోళ్ళే చూస్తోంది. కోడలు పాలు పడుతున్నప్పుడు గోళ్ళు, పక్క మీద వేసినప్పుడు గోళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు వచ్చి పిల్లది ఎవరి పోలికమ్మా అని అడుగుతుంటే అప్పుడూ గోళ్ళే. బియ్యపు నూకంత గోళ్ళు. అవి ఎర్రగా ఉంటే ఊపిరి తీసుకునేది. కాస్త కమిలినట్టు కనబడితే తీసుకోబోయిన ఊపిరి గొంతులోనే ఆగిపోయేది.

పిల్ల గుండెలో లోపం ఉందని విశాఖలో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ హైదరాబాదులో చెయ్యాలి, ఆలస్యం పనికిరాదు అన్నాడు. రాత్రంతా రైల్లో కుదుపులు, జనం, చలిగాలి వద్దు, విమానంలో అయితే గంటన్నరలో దిగిపోతారని కాగితం రాసిచ్చాడు. పిల్లకి ఇంకా బారసాల కాలేదు. కాగితం మీద పేరుండాల్సిన చోట 'బేబీ ఆఫ్ ఝాన్సీ' అని రాశాడు.

"ఈ పిల్లని ఏడవనివ్వకండి," అన్నాడు. "ఏడిస్తే గోళ్ళూ పెదాలూ నీలమైపోతాయి. అలా అయిందా, రెండు మోకాళ్ళూ మడిచి పొట్టకేసి నొక్కి పట్టుకోండి. రంగు తిరిగొచ్చేదాకా వదలకండి."

చెప్పడమే కాదు, చేసి చూపించాడు. కోడలు ఝాన్సీ డాక్టరు మాటలు వింది. కూర్మమ్మ డాక్టరు చేతులు చూసింది. కోసిన వరిని పనలుగా మోపు కట్టడం ఆమెకి ఎవరూ మాటల్లో చెప్పలేదు, తల్లి చేతులు చూసి నేర్చుకుంది. ఇదీ అంతే.

ఆ సాయంత్రమే కొడుకు నాగబాబు సామాన్లు పట్టుకుని రైలెక్కాడు. ముందుగా వెళ్ళి ఆసుపత్రిలో మంచం సంగతి చూడాలి. ఎక్కేముందు స్టేషన్లో తల్లిని పక్కకి పిలిచాడు.

"అమ్మా, రేపు ఇమానం నువ్వే ఎక్కాల. ఝాన్సీకి సేతులొణుకుతన్నాయి. పిల్ల మోకాళ్ళు పట్టడం నీకే వొచ్చు."

"నానేటి, ఇమానమేటిరా? సీపురుపల్లి సంతకెళ్తేనే దారి తప్పిపోతాను."

"దారి తప్పడానికి అక్కడ రోడ్డుంటాదేటి? కూకుంటే అదే దింపీస్తాది." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇంకోటి. కత్తి, కత్తెర, కొబ్బరికాయ, అగ్గిపెట్టె, ఇయ్యేటీ పట్టుకెళ్ళనివ్వరు. సంచీలో ఉంటే తీసీ."

కత్తి అన్నాడు, కత్తెర అన్నాడు. కొడవలి అనలేదు. కూర్మమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది.

*

విశాఖలో కూర్మమ్మ తమ్ముడు గంగులు ఆటో నడుపుతాడు. అతని అద్దె ఇల్లు ఎయిర్‌పోర్టుకి ఆనుకున్న పేటలో ఉంది. ఎయిర్‌పోర్టు అంటే ఊరికి ఎక్కడో దూరంగా, పొలాల అవతల ఉంటుందనుకుంది కూర్మమ్మ. ఇక్కడ చూస్తే ఊరి నడుమే ఉంది. ఒక పక్క బస్సుల రోడ్డు, ఒక పక్క ఇళ్ళు, మధ్యలో గోడ. ఆ గోడ అవతల విమానాలు సంతలో పశువుల్లా నిలబడి ఉన్నాయి.

ఝాన్సీ పిల్లని అప్పుడే నిద్రపుచ్చింది. కొళాయి దగ్గర గంగులు పెళ్ళాం గిన్నెలు తోముతోంది. ముందు రేకుల కప్పు సన్నగా వణికింది. ఆ తర్వాత చప్పుడు వచ్చింది, కొండ విరిగి మీద పడుతున్నట్టు. కూర్మమ్మ గుమ్మంలోంచి పైకి చూసింది. తెల్లటి పొట్ట, వేలాడుతున్న చక్రాలు. ఆరేసిన చీరలన్నీ ఒక్కసారి లేచి పడ్డాయి.

పిల్ల ఉలిక్కిపడి నోరు తెరిచింది.

ఏడుపు ముందు చప్పుడు లేకుండా వచ్చింది. మొహమంతా ముడుచుకుంది. తర్వాత గొంతు పగిలింది. ఝాన్సీ "అత్తా! అత్తా!" అని అరుస్తోంది గాని చేతులు ఆడడం లేదు. కూర్మమ్మ ఒక్క అంగలో వెళ్ళి పిల్ల కాళ్ళు రెండూ మడిచి, మోకాళ్ళు పొట్టకేసి నొక్కి, గుండెలకి అదుముకుంది. గోళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి గాని ఏ దేవుణ్ణి పిలుస్తోందో ఆమెకే తెలీదు. విమానం పోయింది. చీరలు కిందికి జారాయి. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, నేరేడు రంగు వెనక్కి తగ్గింది.

గంగులు అక్కని చూస్తూ గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "మాకు అలవాటైపోనాదప్పా. మా ఇంట్లో గడియారమే లేదు. ఈటి సప్పుడు బట్టే అన్నం తింటాం." ఎవరూ నవ్వకపోయేసరికి తలుపు దగ్గరగా వేసి వెళ్ళి ఆటో తుడుచుకున్నాడు.

"రేపు దాని కడుపులోనే కూకోవాల," అంది ఝాన్సీ గోడకి చేరగిలబడి. "బయటుంటేనే ఇలాగైతే, లోపలెలాగత్తా?"

 కూర్మమ్మ పిల్లని బొంత మీద పడుకోబెట్టి, తలకింద చెయ్యి పెట్టి చూసుకుంది. ఉంది. ఎర్రగుడ్డలో చుట్టిన కొడవలి మొన. విరిగిపోయిన కోత కొడవలిది, వేలెడు కూడా ఉండదు. నాగబాబు పుట్టినప్పుడు వాడి తలకింద పెట్టింది. ఇప్పుడు వాడి కూతురి తలకింద. పురిటిపిల్ల పక్కన ఇనుముంటే గాలీ ధూళీ దగ్గరికి రావని కూర్మమ్మ తల్లి నమ్మింది, కూర్మమ్మా నమ్మింది. అందులోనూ పేరు పెట్టని పిల్ల పొలిమేర దాటినప్పుడు ఇనుము ఒంటినంటే ఉండాలి.

ఝాన్సీ ఆ చెయ్యి చూసింది. "అత్తా, ఆ ముక్క గంగులు మావింట్లో ఒగ్గీ. రేపు పట్టుకుంటారు. ఇంటర్ దాకా సదివినాను, నా మాటిను. దాంతో ఏటీ అవ్వదు."

"అలాగేలే."

ఝాన్సీ స్నానానికి వెళ్ళగానే కూర్మమ్మ సూదీ దారం అడిగి తెచ్చుకుంది. బొంత అంచు విప్పి, కొడవలి మొన లోపలికి తోసి, దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. పైనుంచి తడిమితే పాత చీర మడతలాగే ఉంది. పసిగుడ్డుని చుట్టిన బొంత ఎవరు తడుముతారు? పళ్ళతో దారం తెంపింది.

*

పొద్దున్న గంగులు ఆటోలో దింపేశాడు. బండి కదిలిన కాసేపటికే ఎయిర్‌పోర్టు గుమ్మం వచ్చేసింది. "ఇంత దగ్గరా?" అంది కూర్మమ్మ. ఇంకాస్త దారి ఉంటే బాగుండుననిపించింది.

"భోగాపురంలో కొత్తది కడతన్నారప్పా. అదొస్తే మీకే దగ్గర. అప్పుడు రోజూ ఎక్కుదువు గాని." గంగులు పిల్ల అరికాలిని వేలితో తాకాడు. లోపలికి అతన్ని రానివ్వరు. గుమ్మం బయటే నిలబడి, వాళ్ళు కనబడినంతసేపూ చెయ్యి ఎత్తే ఉంచాడు.

లోపల చల్లగా ఉంది. నేల అద్దంలా ఉంది. కూర్మమ్మ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటే ఝాన్సీ పళ్ళ మధ్యనుంచి "తొడుక్కో అత్తా," అంది. కాగితాలన్నీ ఝాన్సీయే చూపించింది. డాక్టరు కాగితం చూశాక కౌంటరులో అమ్మాయి ముందు వరసలో సీట్లు వేసి, "పాపకి తగ్గిపోతుందండీ," అంది. ఆ ఒక్క మాటకి ఝాన్సీ కళ్ళు నిండాయి.

తర్వాత తనిఖీ. సంచులు ఒక పట్టీ మీద పడుకుని చీకటి గుహలోకి పోతున్నాయి. ఆడవాళ్ళకి తెర కట్టిన గది. ఖాకీ చొక్కా వేసుకున్న ఆడమనిషి, వయసులో ఉన్నదే, చేతిలో నల్లటి బద్ద పట్టుకుని ఉంది. ఆ బద్దని కూర్మమ్మ ఒంటి మీద తిప్పింది. మెడలో పుస్తెల దగ్గర కూసింది. ఖాకీ మనిషి చూసి తలూపింది. ఝాన్సీ మీద తిప్పింది. ఆ తర్వాత పిల్లని చుట్టిన బొంత మీద తిప్పింది.

బద్ద కీచుమని అరిచింది.

ఖాకీ మనిషి ఆగింది. మళ్ళీ అక్కడే తిప్పింది. మళ్ళీ అరిచింది. హిందీలో ఏదో అడిగింది. ఝాన్సీ వచ్చీరాని హిందీలో, పిల్లకి బాగోలేదు, ఆసుపత్రికి వెళ్తున్నాం, అందులో ఏమీ లేదు, ఒట్టు అని చెప్పింది. చెబుతూ చెబుతూ అత్తగారి వైపు తిరిగింది. కూర్మమ్మ మొహం చూసి మాట మధ్యలోనే ఆపేసింది.

"అత్తా."

కూర్మమ్మ నేలకేసి చూసింది.

ఖాకీ మనిషి పిల్లని బొంతలోంచి తీసి ఝాన్సీ చేతికిచ్చింది. మెత్తగానే తీసింది, చెయ్యి కింద చెయ్యి పెట్టి. కాని చల్లగాలి ఒంటికి తగిలి పిల్ల మొహం ముడుచుకుంది. బొంత అంచు తడిమి, కుట్లు విప్పి, ఎర్రగుడ్డ లాగింది. కొడవలి మొన బల్ల మీద టంగుమని పడింది. అదే సమయానికి వెనక తెర తొలగించి ఒకావిడ తొంగి చూసింది. "ఓలమ్మో, పసిపిల్ల గుడ్డల్లో కత్తి!" అని బయటికి వినబడేలా అంది. బయట వరసలో గుసగుస లేచింది. ఎవరో తమ పిల్లని ఎత్తుకుని దూరంగా జరిగారు.

పిల్ల ఏడ్చింది.

ఈసారి నీలం తొందరగా వచ్చింది. గోళ్ళు, పెదాలు, ముక్కు చివర. ఝాన్సీ చేతులు గడగడలాడుతున్నాయి. "ఇలా తే, ఇలా తే!" అని కూర్మమ్మ లాక్కుని కాళ్ళు మడిచింది, నొక్కింది. ఏడుపు ఆగింది గాని రంగు రాలేదు. ఆగిన ఏడుపు ఏడ్చిన ఏడుపు కంటే భయంగా ఉంది. ఖాకీ మనిషి బద్ద పక్కన పడేసి, తెర బయటున్న జనాన్ని కసిరి దూరంగా తోసి, కుర్చీ లాగి కూర్మమ్మని కూర్చోబెట్టింది. గోడకున్న ఫోను పట్టుకుంది. కూర్మమ్మకి ఇవేవీ తెలీవు. ఆమెకి గోళ్ళు తప్ప ప్రపంచంలో ఇంకేమీ కనబడడం లేదు.

వచ్చింది. ముందు చిటికెన వేలికి, తర్వాత మిగతా వేళ్ళకి.

పై అధికారి వచ్చాడు. డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు. కొడవలి మొన అటూ ఇటూ తిప్పాడు. తెలుగువాడే.

"ఇదెందుకమ్మా?"

"పిల్లకి కాపలా బాబూ."

అతను మొనని బల్ల మీద పెట్టాడు. "ఇది విమానంలోకి రాదు. బయట మీవాళ్ళకిచ్చి రావాలంటే మళ్ళీ మొదట్నుంచీ రావాలి. అప్పటికి తలుపు వేసేస్తారు. వదిలేసి వెళ్ళండి."

మొన డబ్బాలో పడింది. అందులో అప్పటికే గోళ్ళ కత్తెరలు, అగ్గిపెట్టెలు, ఎవరిదో స్క్రూడ్రైవరు ఉన్నాయి. ఖాకీ మనిషి బొంత మడిచి ఇచ్చింది. ఝాన్సీ అత్తగారి ఒళ్ళోంచి పిల్లని తీసుకుంది. తీసుకున్నట్టు కాదు, లాక్కున్నట్టు.

*

విమానం కోసం కూర్చునే చోట గోడంతా అద్దమే. అద్దం అవతల విమానాలు, వాటి వెనక ప్రహరీ, ప్రహరీ అవతల కొండ, ఇళ్ళు. ఎవరో మేడ మీద బట్టలు ఆరేస్తున్నారు. ఝాన్సీ అత్తగారికి రెండు కుర్చీలు వదిలి కూర్చుంది. కూర్మమ్మ దగ్గరికి జరగబోతే పిల్లని అవతలి పక్కకి తిప్పేసింది.

తిడుతుందేమో అని కూర్మమ్మ చూసింది. తిడితే బాగుండును. ఝాన్సీ తిట్టలేదు.

మైకులో వాళ్ళ విమానం పేరు పిలిచారు. జనం లేచి వరస కట్టారు. ఝాన్సీ లేవలేదు.

"పద తల్లీ. పిలస్తన్నారు."

"నానెక్కను."

"ఏటి?"

"నానెక్కనత్తా." పిల్లని ఇంకా దగ్గరికి అదుముకుంది. "పొద్దున్నించీ అదున్నంతసేపూ బాగానే ఉన్నాది. అది తీసినారు, అప్పుడే నీలమైపోనాది. నా కళ్ళతో సూసినాను. ఇనుం లేకండా ఆ సప్పుడులోకి ఎలాగ తీసుకెళ్తాను? పైకెళ్ళాక అలాగైతే ఎవుర్ని పిలస్తాను?"

 కూర్మమ్మ భయమే అది. అచ్చం ఆమెదే, మాట కూడా మారలేదు. ఇన్నాళ్ళూ తనొక్కతే మోస్తోందనుకుంది. ఇప్పుడు కోడలి మొహంలోంచి తననే చూస్తోంది. ఇద్దరూ ఇలాగే కూర్చుండిపోతే విమానం వెళ్ళిపోతుంది. అక్కడ డాక్టరు ఎదురు చూస్తాడు, నాగబాబు మంచం పక్కన నిలబడి ఉంటాడు, ఇక్కడ పిల్ల గోళ్ళు...

వరస సగం అయిపోయింది. కౌంటరు దగ్గర అమ్మాయి వాళ్ళవైపే చూస్తోంది.

కూర్మమ్మ అద్దంలోంచి బయటికి చూసింది. ఎండలో విమానం మెరుస్తోంది. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకీ తెలీదు.

"ఒసే ఎర్రిమొహమా! వేలెడు ముక్క పోనాదని ఏడస్తన్నావు. అటు సూడు. అదంతా ఏటనుకున్నావు? ముక్కు కాడ్నించి తోక దాకా ఇనుమే. ఇనుం కడుపులో కూకుంటాది నీ కూతురు. ఇంకే గాలి ముట్టుకుంటాదే దాన్ని?"

ఝాన్సీ విమానం వైపు చూసింది. తర్వాత అత్తగారి మొహంలోకి చూసింది. చాలాసేపే చూసింది. లేచింది.

*

ముందు వరసలో కిటికీ పక్కన ఝాన్సీ, మధ్యలో కూర్మమ్మ, ఇవతల ఒక కుర్రాడు. పేరు ప్రమోద్ అని తనే చెప్పాడు. రాజాంలో ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడట. కూర్మమ్మ బెల్టు పెట్టుకోలేకపోతుంటే అతనే బిగించాడు.

ఝాన్సీ కిటికీ వైపు తిరిగి పిల్లకి పాలు పడుతోంది. కూర్మమ్మ ముందున్న గోడని అరచేత్తో తడిమింది. గోరుతో కొట్టింది. మొద్దు చప్పుడు వచ్చింది. ఇనుము ఇలా పలకదు.

"బాబూ," అంది గుసగుసగా, "ఇదంతా ఇనుమే గదా?"

"ఇనుమైతే ఎగురుతాదేటి మామ్మా?" కుర్రాడు సరదాగా అన్నాడు. "అల్యూమినియం. మీ ఇంట్లో సత్తు గిన్నెలుండవేటి, అదే. అందుకే అంత తేలిగ్గా..."

కూర్మమ్మ అతని మణికట్టు పట్టుకుంది. కోత కోసే చెయ్యి. కుర్రాడు మాట ఆపేశాడు.

"గట్టిగా అనకు నాయినా. నా కోడలికి ఇనుమని సెప్పినాను."

కుర్రాడు ఆమె మీదుగా చూశాడు. బొంత, అందులోంచి బయటికి వచ్చిన చిన్న పాదం. ఏమర్థమైందో గాని తల దించుకున్నాడు.

సత్తు గిన్నె. చేత్తో నొక్కితే సొట్టపడే సత్తు గిన్నె. అందులో మూతపెట్టినట్టు తనూ, కోడలూ, పేరు లేని పిల్లా. విమానం కదిలింది. చప్పుడు మొదలైంది. రేకుల ఇంటి మీద విన్న చప్పుడే, ఇప్పుడు కాళ్ళ కిందనుంచి. నేల వెనక్కి పరిగెత్తింది. పైడితల్లి పండగలో పొడవాటి సిరిమాను కొసన, గాల్లో వేలాడే కుర్చీలో కూర్చున్న పూజారికీ ఇలాగే ఉంటుందేమో అనుకుంది కూర్మమ్మ. కాని ఆయన కూర్చున్న మాను కిందెక్కడో బండికి కట్టి ఉంటుంది. ఇది దేనికీ కట్టిలేదు.

ఝాన్సీ చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది.

"అత్తా. ఇనుమే కదా?"

"ఇనుమేనే. కొలిమిలోంచి తీసినట్టున్నాది."

"అవునక్కా, ఇనుమే," అన్నాడు ప్రమోద్ ఇటునుంచి. ఎవరూ అడక్కుండానే అన్నాడు. తర్వాత కూర్మమ్మ నడుం దగ్గర బెల్టుకున్న లోహపు కట్టుని వేలితో తట్టి, పెదాలు కదిలీ కదలనట్టు, "ఇది మాత్రం నిజంగా ఉక్కే మామ్మా," అన్నాడు.

కూర్మమ్మ కొంచెం ఒరిగింది. పిల్ల మోకాళ్ళు మడిచి పట్టుకునే వంకతో రెండు పాదాలనీ తెచ్చి ఆ కట్టుకి ఆనించింది. చల్లదనానికి పిల్ల కాళ్ళు వెనక్కి లాక్కుంది. మళ్ళీ ఆనించింది. విమానం మబ్బులోకి దూరి కుదిపినప్పుడల్లా ఆమె గుండె జారింది, వేళ్ళు జారలేదు. పిల్ల చన్ను వదలకుండానే నిద్రపోయింది. దిగేదాకా కూర్మమ్మ రెప్ప వెయ్యలేదు.

*

హైదరాబాదులో దిగాక ఊరు ఎంతకీ రాలేదు. నాగబాబు తెచ్చిన కారు రోడ్డు మీద రోడ్డు ఎక్కుతూనే ఉంది. అతను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి మెల్లగా అడిగాడు. "అమ్మా, ఆ మొన తెచ్చినావా?"

కూర్మమ్మ నోరు తెరిచేలోగా ఝాన్సీ అంది. "తెచ్చినాం."

ఆసుపత్రి గుమ్మంలో నాగబాబు ముందు పరిగెత్తాడు. అద్దాల తలుపు దగ్గర అత్తాకోడళ్ళిద్దరే నిలబడ్డారు. ఝాన్సీ ఎటో చూస్తూ అంది.

"అది సత్తని నాకూ తెలుసత్తా. బళ్ళోనే సెప్పినారు."

కూర్మమ్మ కోడలి వైపు తిరిగింది. "మరెందుకెక్కినావే?"

"నీకూ నమ్మకం లేదనుకున్నాను. అయినా నవ్వినావు. నువ్వు భయంతో సచ్చిపోతా నవ్వుతుంటే, నాను కూకుండిపోతే ఎలాగ?"

లోపలినుంచి నాగబాబు చెయ్యి ఊపాడు. తెల్లబట్టల నర్సు తోపుడు మంచం పట్టుకుని వస్తోంది.  ఝాన్సీ పిల్లని ఎత్తి అత్తగారి చేతుల్లో పెట్టింది. పొద్దున్న లాక్కున్నప్పటి నుంచీ ఇవ్వనిది ఇప్పుడిచ్చింది.

"నువ్వే తీసుకెళ్ళు. మోకాళ్ళు నీకే తెలుసు."

కూర్మమ్మ కాళ్ళు మడిచి పట్టుకుంది. అలవాటుగా గోళ్ళ వైపు వెళ్ళిన చూపు దారిలో ఆగింది. పిల్ల మేలుకుని ఉంది. నుదురు ముడిచి, కింద పెదవి బిగించి, ఏడవనా వద్దా అన్నట్టు ఆమెనే చూస్తోంది. అచ్చం విమానం ఎక్కనని కూర్చున్నప్పుడు ఝాన్సీ చూసినట్టే.

"నీ పోలికేనే," అంది కూర్మమ్మ. తలుపు తెరుచుకుంది.